ఈదయ్య అన్నం కుప్ప

సూర్యాపేట,
ఫిబ్రవరి 20

ఈదయ్య మామకు,

నీరజ రాస్తున్నాను. మొన్న ఫోన్ చేస్తే సుజాత అత్త ఎత్తింది. నీకు ఇవ్వమంటే నవ్వింది. "మోతపెట్టే వంట భట్టీల పక్కపొంటి ముప్పై ఐదేండ్లు నిలబడ్డోనికి ఇగ చెవులేడ ఉంటయి బిడ్డా. ఉత్తరం రాయి, అద్దాలు పెట్టుకొని సదువుతడు" అన్నది. అందుకే కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. కాలేజీలో బోర్డు మీద తప్ప నేను చేత్తో రాసి చాలా రోజులైంది. అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉంటే నవ్వుకో.

ముందు మంచి మాట చెప్తాను. ఆదివారం కోదాడలో మన విజయక్క మనవరాలి ఇరవయ్యొకటో రోజు దావత్‌లో నిన్ను దూరం నుంచి చాలాసేపు చూశాను. ఆరువందల మందికి వంట. ఒక్కసారి కూడా నువ్వు కేక వేయలేదు. వడ్డించే మనిషి తల గోక్కుంటే చెయ్యి పట్టుకుని పంపు దగ్గరికి తీసుకెళ్ళి, సబ్బు పెట్టి నువ్వే కడిగావు. నా పక్కన కూర్చున్నావిడకు "ఆ తెల్ల తలపాగా ఆయన మా మేనమామ" అని చెప్పుకున్నాను. ఆమె అడగలేదు, నేనే చెప్పాను.

ఇక చెడ్డ మాట. విజయక్క భర్త యాదగిరి బావ సోమవారం మీ ఇంటికి వచ్చి చెప్పే ఉంటాడు. ఆదివారం సాయంత్రం నుంచి వాంతులు మొదలై, తెల్లారేసరికి నలభై ముగ్గురు పడిపోయారు. విజయక్క అత్త సాయమ్మకు ఎనభై ఏళ్ళు. ఆమెకు రెండు రోజులు దవాఖానలో సెలైన్ పెట్టారు. ఇప్పుడు ఇంటికొచ్చి జావ తాగుతోంది. ప్రాణగండం తప్పింది. మాంసం మంచిది కాదని కోదాడంతా ఒకటే మాట. మాంసం ఇచ్చిన సైదయ్య కొట్టు ముందు నిలబడి తిట్టి వచ్చారట. ఆయన షట్టర్ దించేశాడు.

మామా, ఆ రోజు ఏది ఎన్ని గంటలకు వండావో, ఎక్కడ పెట్టావో, ఎప్పుడు వడ్డించావో అన్నీ రాయి. అన్నం సంగతి కూడా రాయి. ఇది పోలీసు విచారణ కాదు. తిండి వల్ల వచ్చే జబ్బుల పాఠం ఏటా పిల్లలకు చెప్తాను కదా. ఎక్కడ మొదలైందో తెలిస్తేనే మళ్ళీ రాకుండా చూసుకోగలం.

నేను బాగానే ఉన్నాను.

నీ కోడలు,
నీరజ


మిర్యాలగూడ,
ఫిబ్రవరి 25

బిడ్డ నీరజకు మీ మామ ఈదయ్య సొంత చేత్తో రాస్తున్న ఉత్తరం.

నీ ఉత్తరం అందింది. ఆ సోమవారం నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇంటికి పిలిచి తిండి పెడితే మనుషులు దవాఖాన పాలయ్యారంటే, వండినవాడి బతుకు ఎట్లా ఉంటుందో నీకు వేరే చెప్పాలా?

అడిగావు కాబట్టి చెప్తున్నాను. మాంసానికి ఒక కత్తి, కూరగాయలకు ఒక కత్తి. రెండూ ఒక సంచిలో కూడా పెట్టను. మాంసం కొట్టే మొద్దు మీద మసిలే నీళ్ళు పోసి తోమిస్తాను. చేతికి కురుపు ఉన్నవాణ్ణి, దగ్గేవాణ్ణి, కడుపు బాగోలేనివాణ్ణి ఆ రోజుకు ఇంటికి పంపిస్తాను. వడ్డించేవాళ్ళ గోళ్ళు చూస్తాను. మాంసం ఆరు గంటలకు వచ్చింది, ఏడుకల్లా గుండిగలో పడింది. బొక్క నుంచి ముక్క ఊడేదాకా ఉడికింది. అది వడ్డన అయ్యేదాకా పొయ్యి మీదే ఉంది. పెరుగు ఎండలో పెట్టలేదు. ఇందులో ఎక్కడ తప్పుందో నువ్వే చెప్పు. సైదయ్య ఆ మేకను ఎప్పుడు కోశాడో, ఎక్కడ వేలాడదీశాడో నాకు తెలియదు. జనం అతని పేరు ఊరికే ఎత్తుతారా?

అన్నం సంగతి అడిగావు. అది అడగాల్సిన పనే లేదు. మా నాయన నాకు ఇచ్చిన ఆస్తి ఆ కుప్పే. తెల్లారి అయిదు గంటలకల్లా మొదటి గుండిగలు వార్చి, కొత్త ఈత చాప మీద తెల్ల బట్ట పరిచి కుప్ప పోస్తాము. పసుపు, కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగిస్తే ఇంటి పెద్దామె వచ్చి దండం పెడుతుంది. మీద తడిబట్ట, దాని మీద గోనెలు కప్పుతాము. చివరి మనిషి చెయ్యి కడిగేదాకా కుప్ప అడుగు కనపడకూడదు. సగానికి తగ్గిందంటే కొత్త అన్నం తెచ్చి దాని మీదే పోస్తాము. సాయంత్రం నాలుగింటికి చెయ్యి పెట్టినా వెచ్చగా ఉంటుంది. "ఆవిరున్నంత సేపు అన్నానికి పానం ఉంటది" అనేవాడు మా నాయన. ఇన్ని రైసుమిల్లులున్న మిర్యాలగూడలో నన్ను "కుప్ప ఈదయ్య" అంటారు. బియ్యం ఊళ్ళో అన్నం పేరుతో పిలిపించుకోవడం చిన్న సంగతి కాదు బిడ్డా.

నువ్వు పెద్ద చదువు చదివావు, నాకు సంతోషమే. తాతకు దగ్గులు మాత్రం నేర్పకు.

మీ అత్త అడిగినట్టు చెప్పమంది.

ఈదయ్య


సూర్యాపేట,
మార్చి 4

మామకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తిండి చెడకుండా ఏం చేయాలో మా పుస్తకంలో అయిదు సంగతులున్నాయి. చేతులూ పాత్రలూ శుభ్రంగా ఉంచడం, పచ్చివీ వండినవీ కలపకపోవడం, బాగా ఉడికించడం, మంచి నీళ్ళు వాడడం. ఈ నాలుగూ నువ్వు ఏ పుస్తకమూ చూడకుండానే చేస్తున్నావు. మా ల్యాబులో పిల్లల చేత గోళ్ళు కత్తిరింపించడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అయిదోది కింద రాస్తాను. కోపం తెచ్చుకోకుండా చదువు.

మొన్న ఆదివారం కోదాడ వెళ్ళాను. నోట్‌బుక్ పట్టుకుని ముప్పై ఒక్క ఇళ్ళు తిరిగాను. అందరినీ మూడే అడిగాను. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎప్పుడు వాంతి అయింది. యాదగిరి బావ తమ్ముడు నరేష్, అతని స్నేహితులు పదకొండు మంది ఆ రోజు మేడ మీద మందు పెట్టుకుని కూర్చున్నారు. మూడు గంటలు మాంసం వేపుడే తిన్నారు, కిందికి దిగి అన్నం తినలేదు. వాళ్ళలో ఒక్కడికీ ఏమీ కాలేదు. "మందు పడ్డ కడుపుల ఏ పురుగైనా సచ్చుడే అక్కా" అని నరేష్ ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఈ పాఠం నమ్మి ఎంతమంది మొదలుపెట్టారో తెలియదు.

ఇటు చూస్తే, ముందు గదిలో మాంసం ముట్టని ఆడవాళ్ళు ఏడుగురు. మూడు గంటలకు పప్పు, చారు, పెరుగుతో తిన్నారు. ఏడుగురిలో అయిదుగురికి వాంతులు. అందులో సాయమ్మ ఒకతె. ఒంటిగంటలోపు తిన్నవాళ్ళలో ఒక్కరే పడ్డారు. రెండున్నర తర్వాత తిన్నవాళ్ళు చాలామంది పడ్డారు, అదీ రెండు మూడు గంటల్లోనే. మాంసం తిని అన్నం తిననివాళ్ళు బాగున్నారు. అన్నం తిని మాంసం తిననివాళ్ళు పడిపోయారు. మామా, అది అన్నమే.

వరి గింజతో పాటు మట్టిలోంచి ఒక క్రిమి వస్తుంది. దానికి గట్టి పెంకున్న విత్తనాల్లాంటివి ఉంటాయి. ఉడికిస్తే క్రిమి చస్తుంది గాని ఆ విత్తనం చావదు. అన్నం పొగలు కక్కుతున్నంత సేపు ముడుచుకుని పడుంటుంది. గోరువెచ్చగా అయ్యిందంటే మొలకెత్తి, గంటల్లో వేలూ లక్షలూ అయి విషం వదులుతుంది. వాసన రాదు, రంగు మారదు. మళ్ళీ వేడిచేస్తే క్రిమి చస్తుందేమో గాని విషం పోదు. అయిదో సంగతి ఇదే. వేడి తిండిని అరవై డిగ్రీలు దాటిన వేడిలోనే ఉంచాలి, లేదా రెండు గంటల్లో తినేయాలి. దాచుకోవాలంటే పలచగా పరిచి తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పాత అన్నం మీద కొత్తది పోయకూడదు. మిగిలిన అన్నం ఎవరూ పరీక్షకు తీసిపెట్టలేదు కాబట్టి ఇదే క్రిమి అని ముద్ర వేసి చెప్పలేను. కానీ గంటలన్నీ దానివైపే చూపిస్తున్నాయి.

ఇంకొక మాట. సైదయ్య ఇంటికి కూడా వెళ్ళాను. కత్తులన్నీ కడిగి గోడకు వరసగా పెట్టి, వాటి ముందు కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. బయటికొచ్చాక యాదగిరి బావను అడిగాను, ముందుగా సైదయ్య పేరు ఎవరు ఎత్తారని. బావ నేల చూపులు చూస్తూ, "మీ మావయ్యేనండీ. సోమవారం మిర్యాలగూడ వెళ్తే, ఉప్పూ కారం నావి, మాంసం సైదయ్యది, ఆయన్నే అడగమన్నాడు" అన్నాడు.

ఈ మాట నీ ఉత్తరంలో లేదు మామా.

నీరజ


మిర్యాలగూడ,
మార్చి 19

నీరజకు,

నువ్వు పుట్టిన ఇరవయ్యొకటో రోజున దావత్ వండింది నేనే. ఆ రోజు వడ్డించిందీ కుప్ప నుంచే. మా నాయన నలభై ఏళ్ళు, నేను ముప్పై ఐదేళ్ళు పోశాము. అప్పుడు లేని పురుగు ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది? నీ నోట్‌బుక్‌లో దీనికి జవాబు ఉంటే రాయి. లేకపోతే ఇక ఈ సంగతి రాయకు.

ఈదయ్య


సూర్యాపేట,
మార్చి 24

మామకు,

రాయకు అన్నావు. జవాబు ఉంటే రాయమని కూడా అన్నావు. ఉంది కాబట్టి రాస్తున్నాను.

తాత రోజుల్లో దావత్ అంటే అందరూ ఒక్క పొద్దున వచ్చేవాళ్ళు. పంక్తులు వేసి రెండు గంటల్లో లేపేసేవాళ్ళు. పదకొండుకల్లా కుప్ప ఖాళీ అయ్యేది. ఇప్పుడు ఒకరు హైదరాబాద్ నుంచి పన్నెండుకు వస్తారు, ఇంకొకరు ఫొటోలు దిగి మూడింటికి తింటారు. అయిదింటికి పోసిన కుప్ప నాలుగింటిదాకా కాచుకుని ఉంటుంది. అలవాటు పాతదే, తినేవాళ్ళ గంటలు మారాయి. అప్పుడు కూడా ఎవరికీ ఏమీ కాలేదని ఎట్లా చెప్తావు? దావత్ తిన్న రాత్రి నాలుగు వాంతులైతే, ఎక్కువ తిన్నామనుకుని వాము నమిలి పడుకుంటారు. వంటమాస్టర్ దగ్గరికి వచ్చి చెప్పేవాళ్ళెవరు? మర్యాద అడ్డొస్తుంది.

ఇది రాయడానికి నాకు నెల పట్టింది. ఆ రోజు మూడున్నరకు నేను నీ అన్నం తిన్నాను. నేను మాంసం మానేసిన సంగతి నీకు తెలుసు. పప్పూ అన్నమే పెట్టించుకున్నాను. సూర్యాపేట బస్సు మునగాల దాటకముందే కడుపులో తిప్పింది. డ్రైవర్‌ను బతిమిలాడి ఒక ధాబా ముందు దిగి, రోడ్డు పక్కనే కూలబడ్డాను. ధాబా ఆమె ఎవరో, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగించి, ఆటో పిలిచి ఎక్కించింది. మొదటి ఉత్తరంలో "బాగానే ఉన్నాను" అని రాసింది అబద్ధం. కావాలనే రాశాను. నీ చేతి అన్నం తిని పడిపోయానని నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వు నాకు మొదటి ముద్ద తినిపించిన మనిషివి. నువ్వు చెప్పని మాటొకటి, నేను చెప్పని మాటొకటి. ఇప్పుడు చెల్లుకు చెల్లు.

నా మాట నమ్మకు, పుస్తకాన్నీ నమ్మకు. బస్సు పార్సిల్‌లో వంటింటి థర్మామీటర్ ఒకటి పంపుతున్నాను. సూది లోపలికి గుచ్చితే డిగ్రీలు చూపిస్తుంది. నీ కుప్పను నువ్వే అడుగు.

నీరజ


మిర్యాలగూడ,
ఏప్రిల్ 5

బిడ్డ నీరజకు,

నువ్వు రోడ్డు పక్కన కూలబడ్డావని చదివి మీ అత్త ఏడ్చింది. నేను బయటికి వెళ్ళి కూర్చున్నాను. ఇంతకంటే ఆ సంగతి రాయలేను.

సూది వచ్చింది. మూడు రోజులు దాన్ని ముట్టలేదు. నాలుగో రోజు పాతిక కిలోల బియ్యం తెచ్చి ఇంటి ముందే వండాను. దావత్‌కు ఎట్లా చేస్తానో అట్లాగే, అయిదు గంటలకు కుప్ప పోసి, తడిబట్టా గోనెలూ కప్పాను. సుజాత గోడ గడియారం తెచ్చి ముందు పెట్టింది. వార్చినప్పుడు తొంభై దాటింది. ఏడింటికి లోపల డెబ్బై, అంచుల్లో యాభై. పదింటికి లోపల యాభై ఆరు, అంచుల్లో నలభై. ఒంటిగంటకు నడుమ నలభై ఎనిమిది, పక్కల ముప్పై తొమ్మిది. నువ్వు చెప్పిన అరవై కిందికి ఎప్పుడో దిగిపోయింది. మామూలుగా చేసినట్టే కొత్త అన్నం పైన పోశాను. పైది పొగలు కక్కుతోంది, అడుగున ఉన్నది మాత్రం నలభై ఒకటి మీదే ఉంది. ప్రతిసారీ సూది తీసి నా చెయ్యి పెట్టి చూశాను. చేతికి వెచ్చగానే ఉంది బిడ్డా. ముప్పై ఐదేళ్ళు నన్ను నమ్మించింది ఆ వెచ్చదనమే. అదే పురుగుకు ఊయల అయింది.

ఇప్పుడు నేను దాచింది కూడా రాస్తాను. కోదాడలో రెండున్నరకు కుప్ప కొంచెం చల్లగా తగిలింది. సగం అన్నాన్ని గుండిగలోకి ఎత్తి, ఆవిరి పట్టించి మళ్ళీ కుప్పలో పోశాను. వేడి చేస్తే అంతా పోతుందనే నమ్మకంతోనే చేశాను. సాయమ్మ తిన్నది అదే. నువ్వు తిన్నదీ అదే అయి ఉంటుంది.

సాయంత్రం ఆ అన్నం ఎవరికీ పెట్టలేదు, గొడ్లకు కూడా వేయలేదు. గొయ్యి తవ్వి పూడ్చాను. మెతుకు కింద పడితే కళ్ళకద్దుకుని తీసే ఇల్లు మాది. సగంలో ఆపేశాను. సుజాత వచ్చి మిగిలింది పూడ్చింది.

కోదాడ పోవాలనుకుంటున్నాను.

ఈదయ్య


సూర్యాపేట,
ఏప్రిల్ 9

మామా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. గడియారం ముందు పెట్టుకుని సొంత కుప్పను పరీక్షించిన వంటమాస్టర్ ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. మా పిల్లలు ఒక ప్రయోగం తప్పిపోతే పక్కవాడి అంకెలు చూసి రాస్తారు. నువ్వు నీకు వ్యతిరేకంగా వచ్చిన అంకెలు ఒక్కటీ దాచకుండా రాశావు.

కానీ కోదాడ వద్దు. మొదట నిన్ను కదిలించింది నేనే, ఇప్పుడు ఆపుతున్నదీ నేనే. నిన్నటి నుంచి భయం పట్టుకుంది. రెండు నెలలు కావస్తోంది, జనం మర్చిపోతున్నారు. సైదయ్య కూడా షట్టర్ తీశాడని విజయక్క చెప్పింది. ఇక నుంచి కుప్ప మానేయి, కొంచెం కొంచెంగా వండు. అది చాలు. నీ నోటితో నువ్వే చెప్పుకుంటే, రేపు నీ వెనకాల "జనాన్ని దవాఖానకు పంపినోడు" అంటారు. మంచి పేరు తెచ్చుకోవడానికి ముప్పై ఐదేళ్ళు పట్టింది, పోవడానికి ఒక్క పూట చాలు. చెవులూ వినపడవు, వేరే పనీ రాదు. ఈ వయసులో నువ్వూ అత్తా ఎట్లా బతుకుతారు?

నా మాట విను.

నీరజ


మిర్యాలగూడ,
ఏప్రిల్ 16

బిడ్డా,

నీ ఉత్తరం శనివారం అందింది. ఆదివారం పొద్దున కోదాడ బస్సెక్కాను. నీ మాట వినలేదు. కోపగించుకోకు.

ముందు యాదగిరి ఇంటికి పోయాను. సంగతి చెప్తే, అతను నా భుజం మీద చెయ్యి వేసి, కాగితం మీద "అయిపోయిందిలే మాస్టారూ, ఇప్పుడెందుకు?" అని రాశాడు. మంచి మనిషి. నువ్వు రాసిందీ అదే. కానీ అబద్ధం విన్నవాడే నిజం కూడా వినాలి కదా. నాతో సైదయ్య కొట్టుదాకా రమ్మన్నాను. వచ్చాడు.

ఆదివారం మాంసం కొట్ల దగ్గర ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. పక్క కొట్టు ముందు పాతిక మంది నిలబడ్డారు. సైదయ్య దగ్గర ఒక్కరూ లేరు. షట్టర్ తీశాడు గాని ఎవరూ రావడం లేదు. అది మీ విజయక్క నీకు చెప్పలేదు. మేకపోతు తొడ ఒకటి వేలాడదీసి, మీద తెల్లటి బట్ట కప్పి, ఈగలు తోలుతున్నాడు. నన్ను చూసి లోపలికి పోబోయాడు.

నాకు వినపడదు కాబట్టి నేను మెల్లగా మాట్లాడినా బజారంతా వినిపిస్తుంది. ఆ రోజు మెల్లగా మాట్లాడలేదు. "సైదయ్యా, నీ మాంసం మంచిదే. తప్పు నా అన్నంది. నేనే నీ మీద పెట్టిన" అన్నాను. పక్క కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు అందరూ తిరిగి చూశారు. అయిదు గంటల కుప్ప నాలుగింటిదాకా ఎట్లా ఉంచానో, ఎట్లా మళ్ళీ ఆవిరి పట్టించానో, అట్లా చేస్తే ఏమవుతుందో అక్కడే చెప్పాను. నీ పాఠం చెప్పినట్టే చెప్పాననుకుంటాను. ఒకామె ముందుకు వచ్చి, రాత్రి అన్నం పొద్దున తాలింపు వేస్తాము కదా అదెట్లా అని నా చెవి దగ్గర అరిచి అడిగింది. రాత్రి అన్నాన్ని గిన్నెలో మూత పెట్టి వదిలేయొద్దని, పలచగా పరిచి ఆరబెట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టమని, లేకపోతే సరిపోయేంతే వండుకొమ్మని చెప్పాను.

సైదయ్య కొడతాడనుకున్నాను. కొడితే పడదామనే పోయాను. అతను ఏదో అన్నాడు, పెదవులు కదిలాయి గాని నాకు అందలేదు. చెవి చూపించాను. అప్పుడు చెయ్యి తుడుచుకుని, పక్కనున్న పేపరు అంచు చింపి పెన్సిల్‌తో రాసి ఇచ్చాడు. ఆ ముక్క ఈ ఉత్తరంలో పెట్టి పంపుతున్నాను. అక్షరాలు చిన్నవి, నీకు కనపడకపోతే ఇదీ అందులో ఉన్నది:

"నువ్వు సెప్పినవని కాదు. నేనే నమ్మిన. ఆ ముసలమ్మ సచ్చిపోతె నేనే సంపినట్టని రోజు అనుకున్న. రెండు నెల్ల సంది మా ఇంట్ల పిల్లలకు కూర వండలే. నా చేతి మాంసం పెట్టాలంటె భయమైంది."

నేను ఒక్క మాట అని నా పేరు కాపాడుకున్నాను. ఆ మాట పోయి ఒక మనిషి సొంత చేతుల మీద అతనికే నమ్మకం లేకుండా చేసింది. జనం తిట్టడం సంగతి నాకు తెలుసు. ఇది తెలియదు. తెలిసుంటే నీ ఉత్తరం కోసం ఆగేవాణ్ణి కాదు.

ఆ ముక్క చదివి నేను అక్కడే కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. యాదగిరి నీళ్ళు ఇచ్చాడు. లేచేసరికి సైదయ్య తొడ మీద బట్ట తీసి ముక్కలు కొడుతున్నాడు. సాయమ్మ ఉన్న తమ ఇంటికని యాదగిరే కిలో చెప్పాడట. ఇంకో ఇద్దరు కూడా ఈ వైపు వచ్చి నిలబడ్డారు. అందరికీ ఇచ్చాక సైదయ్య ఒక పొట్లం విడిగా కట్టి లోపల పెట్టుకున్నాడు. ఎవరికని అడిగితే, చేత్తో ఇంటివైపు చూపించాడు.

ఇక నీ భయం సంగతి. నువ్వన్నది నిజమే. మూడు దావత్‌లు పోయాయి. నేరేడుచర్ల వాళ్ళు మనిషితో చెప్పి పంపారు, మిగతావాళ్ళు అదీ చేయలేదు. నిన్న బజారులో ఒకాయన కుప్ప ఈదయ్యా అని పిలిచాడు. ఉత్త ఈదయ్య అనమన్నాను. మిగిలింది ఒకే ఒక్క దావత్, వాడపల్లి దగ్గర. ముప్పావు గంటకొక గుండిగ వారుస్తానని, అది ఖాళీ అయ్యాకే ఇంకోటి విప్పుతానని, ఆలస్యంగా వచ్చినవాళ్ళు కొత్త అన్నం ఉడికేదాకా కూర్చోవాల్సిందేనని ముందే చెప్పాను. ఒప్పుకున్నారు. తాలూకా వంటమాస్టర్లు నలుగురు ఇంటికొచ్చి సూది చూసి పోయారు. ఇద్దరు నవ్వారు, ఇద్దరు ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

మా నాయన ఫొటో ముందు కూడా ఈ సంగతి చెప్పాను. ఆయన బతికుంటే నన్ను తిట్టేవాడు. తర్వాత సూది అడిగి తీసుకునేవాడు. అట్లాంటి మనిషే.

సుజాత నిన్ను అడిగింది.

ఈదయ్య


సూర్యాపేట,
ఏప్రిల్ 20

మామా,

నీ ఉత్తరం క్లాసులో చదివాను. అడగకుండా చదివినందుకు క్షమించు. సైదయ్య రాసిన ముక్క దాటి చదవలేకపోయాను. ముందు బెంచీలో కూర్చునే సౌందర్య లేచి వచ్చి మిగిలింది చదివింది. పదకొండేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను. క్రిములు, డిగ్రీలు, గంటలు అన్నీ చెప్పాను. అసలు మనుషులు ఎందుకు మారరో, మారాలంటే ఎంత గుండె కావాలో ఒక్క ఏడూ చెప్పలేదు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

ఏప్రిల్ తొమ్మిదిన నేను రాసిన ఉత్తరం నీ దగ్గరుంటే చింపేయి. సైదయ్య షట్టర్ తీశాడని విని నేను తృప్తి పడ్డాను. కొట్టు ముందు ఎవరైనా నిలబడ్డారా అని అడగలేదు. ముప్పై ఒక్క ఇళ్ళు తిరిగి నోట్‌బుక్ నింపిన దాన్ని ఆ ఒక్కటీ అడగలేదు. నీకున్న చదువు నాకు లేదు మామా. ఈ మాట మర్యాదకు రాయడం లేదు.

వచ్చే ఆదివారం పదకొండింటి బస్సుకు మిర్యాలగూడ వస్తున్నాను. అత్తకు ఏమీ వండొద్దని చెప్పు. నువ్వే వండు, పప్పూ అన్నం చాలు. ఫిబ్రవరి నుంచి బయట ఎక్కడా అన్నం ముట్టలేకపోతున్నాను. మళ్ళీ మొదలుపెడితే నీ చేతి అన్నంతోనే మొదలుపెడతాను.

నీ కోడలు,
నీరజ